హలాల్ బోర్డు సరే, వంటగది మాటేమిటి?

హోటలు ద్వారానికి తాళం. తాళం పక్కన ఆహార భద్రతా అధికారి సంతకంతో ఒక కాగితం. ఆహారంలో హానికరమైన బ్యాక్టీరియా ఉన్నట్లు తేలినందున ఈ వంటశాలను తాత్కాలికంగా మూసివేస్తున్నామన్నది దాని సారాంశం. ఇటీవలి సంవత్సరాలలో మన నగరాల్లోనూ, పట్టణాల్లోనూ ఇటువంటి కాగితాలు అరుదైన దృశ్యం కాకుండా పోయాయి. అది మన మొహల్లాలోని హోటలే అయితే, సాయంత్రం మస్జిద్ మెట్ల దగ్గర రెండు రకాల మాటలు వినిపిస్తాయి. మనవాళ్ల హోటలు కాబట్టే అధికారులు పనిగట్టుకొని వచ్చారన్నది ఒకటి. ఇక జన్మలో ఆ గడప తొక్కకూడదన్నది రెండవది. ఈ రెండవ మాట రాత్రికల్లా ఫోన్ల ద్వారా ఊరంతా పాకి, తెల్లవారేసరికి కుళ్లిన మాంసం, చచ్చిన కోళ్లు అంటూ పెరిగి పెద్దదవుతుంది.

ఈ రెండు మాటల్లోనూ వంటగది ప్రస్తావన లేదు. బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి చేతి ద్వారా వచ్చింది, ఎన్ని గంటలు ఆ పాత్రలో పెరిగింది అన్న ప్రశ్నలు ఎవరూ వేయరు. హలాల్ అన్న పదాన్ని మనం కోతతో మొదలుపెట్టి కోతతోనే ముగించడం దీనికి ఒక ప్రధాన కారణమని మా అభిప్రాయం. జంతువును అల్లాహ్ పేరుతో జబహ్ చేశారా లేదా అని ఆరా తీస్తాం. తీయవలసిందే. ఆ తర్వాత ఆ మాంసం ఎంతసేపు ఎండలో ఉంది, దాన్ని కోసిన చెక్క మీదే ఉల్లిపాయలు తరిగారా అని మాత్రం అడగం. దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 168వ ఆయతులో మానవులందరినీ ఉద్దేశించి ఆహారం గురించి చెప్పినప్పుడు హలాల్ అన్న పదం ఒంటరిగా రాలేదు, దాని వెంటే తయ్యిబ్ అన్న పదం ఉంది. ధర్మసమ్మతమైనది, పరిశుద్ధమైనది. బోర్డు మీద మొదటి పదం పెద్ద అక్షరాలతో వెలుగుతుంది. రెండవ పదానికి సాక్ష్యం చెప్పవలసింది వంటగదే.

కేరళలోని కాసర్‌గోడ్ జిల్లా చెరువత్తూరులో 2022 మే నెల మొదటి రోజున షవర్మా తిన్న 16 ఏళ్ల విద్యార్థిని మరణించింది. అనేకమంది ఆసుపత్రి పాలయ్యారు. రోగుల నమూనాలలో షిగెల్లా అనే బ్యాక్టీరియా బయటపడింది. ఈ పేరు గుర్తుంచుకోదగినది. ఎందుకంటే షిగెల్లా కోడిలో పుట్టదు, మసాలాలో పుట్టదు. దాని నివాసం మనిషి పేగు. ఒక మనిషి మలవిసర్జన తర్వాత సరిగా కడుక్కోని చేతి నుంచో, మురుగు కలిసిన నీటి నుంచో అది ఆహారంలోకి చేరుతుంది. కొన్ని పదుల సంఖ్యలో కణాలు కడుపులోకి వెళ్లినా చాలు, జబ్బు చేస్తుంది. అంటే ఆ షవర్మా బండి దగ్గర ప్రశ్న మాంసం గురించి మాత్రమే కాదు, సబ్బు గురించి కూడా.

మన హైదరాబాదులో 2024 అక్టోబరులో బంజారాహిల్స్ ప్రాంతంలో మోమోలు తిన్న ఒక మహిళ ప్రాణాలు కోల్పోయారు. మరికొందరు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల్లో చేరారు. మోమోలతో పాటు ఇచ్చిన మయోనైజ్ మీద అనుమానం కలిగింది. అదే నెల 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో తయారుచేసే మయోనైజ్‌ను ఒక సంవత్సరం పాటు నిషేధించింది. కేరళ ప్రభుత్వం అంతకుముందే, 2023 జనవరిలో, ఇటువంటి నిర్ణయమే తీసుకుంది.

పచ్చి గుడ్డు సొన, నూనె, కొంచెం నిమ్మరసమో వెనిగరో కలిపి చిలికితే మయోనైజ్ తయారవుతుంది. ఎక్కడా పొయ్యి తగలదు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా గుడ్డు పెంకు మీద ఉండవచ్చు, పెట్టకు సోకిన కొన్ని సందర్భాలలో గుడ్డు లోపలే ఉండవచ్చు. ఉడికిస్తే అది చనిపోతుంది. మయోనైజ్‌లో ఉడకడం లేదు కనుక చావదు. పులుపు తగినంత ఉంటే దాని పెరుగుదల అణుగుతుంది. అయితే పిల్లలకు నచ్చాలని పులుపు తగ్గిస్తారు, సాయంత్రం 5 గంటలకు డబ్బాలో తీసి బండి మీద పెట్టినది రాత్రి 11 వరకు అక్కడే ఉంటుంది. పక్కనే మండుతున్న షవర్మా పొయ్యి వేడి ఆ డబ్బాకూ తగులుతుంది. బ్యాక్టీరియాకు ఇంతకంటే మంచి అతిథి సత్కారం ఎవరూ చేయలేరు. గుడ్డు లేకుండా చేసిన మయోనైజ్, వేడిచేసి శుద్ధిచేసిన గుడ్డు సొనతో చేసినది బజారులో దొరుకుతున్నాయి. ధర కాస్త ఎక్కువ. ఆ కాస్త దగ్గరే చాలామంది వ్యాపారులు ఆగిపోతున్నారు.

ఇంతవరకు బయటి తిండి మాట. మన సొంత వంటకాల విషయంలో, ముఖ్యంగా దావత్‌ల విషయంలో, మనకు ఒక ధీమా ఉంది. గంటల తరబడి ఉడికిన దాంట్లో క్రిమి ఎలా బతుకుతుందని అడుగుతాం. ఈ ధీమా సగమే నిజం.

క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా మట్టిలోనూ, పశువుల పేగుల్లోనూ సహజంగానే ఉంటుంది. పొయ్యి వేడికి ఆ కణం చచ్చిపోయినా, అది ఏర్పరచుకున్న బీజకణాలు గట్టి కవచంతో బతికి బయటపడతాయి. పెద్ద డేగిసా దించి పక్కన పెట్టినప్పుడు పైన ఆవిరి తగ్గిపోయినా, మధ్యలో మాంసం, గోధుమ, పప్పు కలిసిన ఆ చిక్కటి ముద్ద గంటల కొద్దీ గోరువెచ్చగానే ఉంటుంది. అక్కడ గాలి కూడా ఆడదు. ఆ బీజకణాలు మేలుకోవడానికి కావలసింది సరిగ్గా ఇదే. దాదాపు 43 నుంచి 47 డిగ్రీల సెల్సియస్ మధ్య అది అతి వేగంగా పెరుగుతుంది, అనుకూలమైన చోట పది నిమిషాలకే రెట్టింపు కాగలదు. తిన్న 6 నుంచి 24 గంటల లోపు కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. పెద్ద పెద్ద విందుల తర్వాత ఒకేసారి వందమంది కడుపు పట్టుకొని కూర్చునే సంఘటనల వెనుక తరచుగా ఉండేది ఇదే.

బిర్యానీ అన్నానికి ఇంకొక శత్రువు ఉంది. బాసిల్లస్ సీరియస్ బీజకణాలు బియ్యం గింజతోనే వస్తాయి, ఎసరులో చావవు. వండిన అన్నం గది వేడిలో చాలాసేపు ఉంటే అవి పెరిగి ఒక విషాన్ని వదులుతాయి. వాంతులు కలిగించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. బ్యాక్టీరియాను చంపవచ్చు, అది వదిలిన విషాన్ని తీసివేయలేము. రాత్రి మిగిలిన బిర్యానీ ఉదయానికి మరింత రుచిగా ఉంటుందన్న మాట మన ఇళ్లలో ప్రసిద్ధం. రుచి విషయంలో మేము వాదించము. ఆ బిర్యానీ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉందా, వంటింటి గట్టు మీద ఉందా అన్నదే అడగవలసినది.

మన ఫంక్షన్ హాళ్ల సంగతి చూడండి. దావత్ కార్డు మీద రాత్రి 8 గంటలు అని ఉంటుంది. అతిథులు పదింటికి వస్తారు, దస్తర్‌ఖాన్ పరిచేసరికి పదకొండు దాటుతుంది. బావర్చీ మాత్రం కార్డును నమ్మి సాయంత్రానికే దించేసి ఉంటాడు. వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. వేడిగా ఉంచదలచినది 60 డిగ్రీలకు పైన ఉండాలి, చల్లగా ఉంచదలచినది 5 డిగ్రీలకు లోపల ఉండాలి. ఆ రెంటి మధ్య ఉన్న ప్రదేశమంతా క్రిములదే. మన వలీమాలలో ఆలస్యం మర్యాదకు సంబంధించినదని మాత్రమే ఇంతకాలం అనుకున్నాం. అది ఆరోగ్యానికి సంబంధించినది కూడా. ఆ తర్వాత మిగిలిన ఆహారాన్ని అర్ధరాత్రి దాటాక మద్రసాకో, పేదల బస్తీకో పంపడం మరొక సమస్య. ఉద్దేశం పుణ్యమే, సందేహం లేదు. అతిథులకు వడ్డించడానికి సంకోచించే స్థితికి వచ్చిన ఆహారాన్ని అనాథ పిల్లలకు పంపడం దానం అవుతుందా అన్నది విందు పెట్టినవారు ఆలోచించుకోవాలి. పంపదలచినది వడ్డన మొదలుకాకముందే, వేడిగా ఉండగానే విడిగా తీసి పంపవచ్చు కదా.

ఈ జాగ్రత్తలు ఆధునిక ప్రయోగశాలలు మనకు కొత్తగా నేర్పినవి కావు. నిద్ర నుంచి లేచిన వ్యక్తి చేతులు కడుక్కోకుండా నీటి పాత్రలో ముంచరాదని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. రాత్రివేళ పాత్రల మీద మూతలు ఉంచమని ఆయన చెప్పినట్లు కూడా హదీసులు తెలియజేస్తున్నాయి. బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి, పైన పొడిగా ఉన్నా లోపల తడిసి ఉన్న గింజలను బయటికి తీసి, ఆ తడి జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని వర్తకుణ్ణి నిలదీసిన సంఘటన ముస్లిం గ్రంథంలో ఉంది. ఆ వర్తకుడు తడికి కారణం వర్షమని చెప్పాడు. వర్షం అతని తప్పు కాదు. దాచడమే అతని తప్పు. హోటలు యజమానులు ఈ హదీసును ఒకటికి రెండుసార్లు చదవాలి. బ్యాక్టీరియా రావడం ప్రతిసారీ నేరం కాకపోవచ్చు. వచ్చిందని తెలిసీ పై వరుస గింజలు మాత్రమే చూపించడం నేరమే.

ముస్లిం సమాజాలలో బజారును పర్యవేక్షించడానికి హిస్బా అనే వ్యవస్థ ఉండేది. దాని అధికారిని ముహ్తసిబ్ అనేవారు. 12వ శతాబ్దంలో సిరియా ప్రాంతానికి చెందిన అబ్దుర్రహ్మాన్ అష్షైజరీ ఈ అధికారుల కోసం ఒక మార్గదర్శక గ్రంథం రాశారు. అందులో రొట్టెలు చేసేవారికి, వంటవారికి, కసాయివారికి వేర్వేరు అధ్యాయాలు ఉన్నాయి. హరీసా వండేవారికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. హరీసా అంటే గోధుమ, మాంసం కలిపి మెత్తగా ఉడికించే వంటకం. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల ద్వారా అది హైదరాబాదు చేరింది. బార్కస్‌లో నేటికీ హరీస్ పేరుతో దొరుకుతుంది, హలీమ్‌గా మారి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. వంటపాత్రలను వేడినీటితో కడిగించి, ఈగలు వాలకుండా మూతలు పెట్టించడం ముహ్తసిబ్ విధుల్లో భాగమని ఆ గ్రంథం చెబుతుంది. కాబట్టి తనిఖీ అధికారి గడపలోకి అడుగుపెట్టగానే మన గౌరవానికి భంగం కలిగిందని భావించడం మన చరిత్ర మనకు తెలియకపోవడమే. ఆ పని ఒకప్పుడు మన న్యాయవ్యవస్థలో పూజ్యమైన ఉద్యోగం.

నేటి చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. లోపాలు కనబడితే దాని 32వ సెక్షన్ కింద వాటిని సరిదిద్దుకోమని నోటీసు ఇస్తారు, అందుకు కనీసం 14 రోజుల గడువు ఉంటుంది. ప్రజారోగ్యానికి వెంటనే ప్రమాదం ఉందనిపిస్తే 34వ సెక్షన్ కింద అత్యవసర నిషేధ ఉత్తర్వు జారీ అవుతుంది. తలుపు మీద కనబడే కాగితం చాలా సందర్భాలలో ఇటువంటిదే. అది శాశ్వత శిక్ష కాదు. యజమాని లోపాలు సరిదిద్దుకొని దరఖాస్తు చేసుకుంటే, సంతృప్తి చెందిన అధికారి 7 రోజుల్లో ధ్రువపత్రం ఇవ్వాలి. సంతృప్తి చెందకపోతే కారణాలు రాసి ఇవ్వాలి. ఎవరి మీదనైనా పక్షపాతం జరిగిందన్న అనుమానం ఉంటే, పోరాడవలసింది ఈ కాగితాల ఆధారంగానే. ప్రయోగశాల నివేదిక అడిగి తీసుకోండి, ఉత్తర్వు చదవండి, అప్పీలు చేయండి. మస్జిద్ మెట్ల మీద చెప్పుకునే కుట్ర కథలు ఏ అధికారినీ జవాబుదారీ చేయలేవు.

తాళం పడినప్పుడు అందరికంటే ముందు నష్టపోయేవారు యజమాని కాదు. రొట్టెలు కాల్చే కుర్రవాడు, గిన్నెలు తోమే స్త్రీ, బల్లలు తుడిచే పిల్లవాడు. వారిది రోజు కూలి. ఈ మనుషుల దగ్గరే బ్యాక్టీరియా కథ కూడా చాలాసార్లు మొదలవుతుంది. షిగెల్లా చేతుల నుంచి వస్తుందని పైన చెప్పుకున్నాం. రెండు రోజులుగా విరేచనాలు అవుతున్న పనివాడు ఇంట్లో ఉండక పిండి పిసకడానికి ఎందుకు వస్తాడు? రాకపోతే కూలి పోతుంది కనుక. అతనికి మరుగుదొడ్డి ఎక్కడుంది, అక్కడ సబ్బు ఉందా? లక్షలు పెట్టి ముందు హాలులో షాండిలియర్లు వేలాడదీసి, వెనుక పనివారికి ఒక్క కుళాయి అమర్చని హోటళ్లు మనకు తెలియనివి కావు. జబ్బుపడిన పనివాడికి కూలి ఇచ్చి ఇంటికి పంపే యజమాని, ఏ రసాయనంతో నేల కడిగించినా రాని రక్షణను తన గిరాకీదారులకు కల్పిస్తున్నాడు. హోటలు మూతబడిన రోజులకు కూడా పనివారి కూలి ఆయనే భరించాలని మేము కచ్చితంగా భావిస్తున్నాము. తప్పు వంటగదిదైతే దానికి మూల్యం గిన్నెలు తోమే ఆమె చెల్లించకూడదు.

జబ్బుపడినవారి హక్కు వేరే ఉంది. కలుషిత ఆహారం వల్ల మరణం సంభవిస్తే బాధితుని కుటుంబానికి కనీసం 5 లక్షల రూపాయల పరిహారాన్ని ఆ చట్టమే 65వ సెక్షన్‌లో నిర్దేశించింది. తీవ్ర హాని జరిగితే 3 లక్షల వరకు, ఇతర హాని జరిగితే లక్ష వరకు కోరవచ్చు. యజమాని మనవాడేనని, రోజూ సలాం చేసుకుంటామని బాధితుని నోరు నొక్కే పెద్దమనుషుల పంచాయితీలు ఈ హక్కును మింగేయకూడదు.

అలాగే యజమానికీ ఒక హక్కు ఉంది, అది తప్పుడు ఆరోపణ నుంచి రక్షణ. వార్త తెచ్చినవాని మాట నమ్మకముందు విచారించమని అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు ఆదేశిస్తుంది. ఆహారం విషయంలో ఈ విచారణ ఎంత అవసరమో వైద్యశాస్త్రం కూడా చెబుతుంది. కడుపు చెడగానే మనం చివరిగా తిన్న హోటలును నిందిస్తాం. స్టెఫైలోకాకస్ విషం అరగంట నుంచి కొన్ని గంటల లోపే వాంతులు తెప్పిస్తుంది. సాల్మొనెల్లాకు ఆరు గంటలు పట్టవచ్చు, కొన్ని రోజులూ పట్టవచ్చు. షిగెల్లాకు సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది. అంటే ఈ రాత్రి కడుపునొప్పికి కారణం మొన్న మన ఇంట్లో తిన్న కూరే కావచ్చు. ఒక ఫోటో, ఒక ఆవేశపు సందేశం పదిమందికి పంపి ఒకరి జీవనోపాధిని పోగొట్టడానికి ముందు ఈ లెక్క వేసుకోవాలి. నిజంగా అనుమానం ఉంటే ఆ సందేశం చేరవలసినది ఆహార భద్రతా విభాగానికి. బిల్లు దాచండి, మిగిలిన ఆహారం ఉంటే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, ఇంకెవరు తిన్నారో రాసుకోండి. బిల్లు మీద 14 అంకెల లైసెన్సు లేదా నమోదు సంఖ్య ఉండాలి, ఫిర్యాదుకు అది పనికొస్తుంది.

ఇంట్లో పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, మధుమేహం ఉన్నవారికి ఇటువంటి జబ్బు త్వరగా ప్రమాదకరమవుతుంది. ఓఆర్ఎస్ ద్రావణం కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి. మలంలో రక్తం పడినా, జ్వరం పెరిగినా, మూత్రం తగ్గినా, పిల్లవాడు మగతగా పడి ఉన్నా వెంటనే వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి. విరేచనాలు ఆపే మాత్రలు పిల్లలకు సొంతంగా వేయరాదు.

తాళం తీసిన తర్వాత ఏం చేయాలి? కొందరు ఎప్పటిలాగే వెళ్లి కూర్చుంటారు, ఏమీ జరగనట్లు. కొందరు ఎప్పటికీ వెళ్లరు. మేము మూడవ పద్ధతిని సూచిస్తున్నాము. వెళ్లండి, కౌంటరు దగ్గర ఆగి అడగండి. అధికారి ఇచ్చిన ధ్రువపత్రం ప్రతి గోడ మీద ఎక్కడుంది? మయోనైజ్ దేనితో చేస్తున్నారు? హలీమ్ డేగిసా కింద నిప్పు వడ్డన ముగిసేవరకు ఉంటోందా, దాని వేడి కొలుస్తున్నారా? ఆహారంలో గుచ్చి వేడి చూసే ధర్మామీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, ఒక కుటుంబం ఒక పూట తినే బిర్యానీ బిల్లు కంటే తక్కువే. వెనుక వంటగది చూపించమని కోరండి. సంకోచించకుండా తలుపు తెరిచే యజమాని దగ్గర నిశ్చింతగా కూర్చొని భోజనం చేయవచ్చు. చిరాకుపడితే లేచి రావచ్చు. పక్క వీధిలో ఇంకొక హోటలు ఉంటుంది, అక్కడ కూడా ఇవే ప్రశ్నలు అడగాలి.